‘కసాయి తండ్రి’ అని హెడ్డింగ్ పెట్టేవాళ్లకు ఒక టీచర్ రాస్తున్న బహిరంగ లేఖ

వార్తల డెస్కుల్లో కూర్చుని హెడ్డింగులు పెట్టే సబ్ ఎడిటర్లకు, వాటికి ఓకే చెప్పే ఎడిటర్లకు, టీవీల్లో స్క్రోలింగ్ రాసేవాళ్లకు,

నమస్కారం. నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. మీ వృత్తి గురించి మాట్లాడటానికి ఈవిడెవరు అని మీకు అనిపించొచ్చు. కానీ మీరు రాత్రి రాసిన మాట తెల్లారి పది గంటలకల్లా నా క్లాసులోకి వచ్చేస్తుంది, పిల్లల నోటి నుంచి. అందుకే రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందటి సంగతి. ఆ రోజు ఒక తండ్రి కన్నబిడ్డను చంపిన వార్త వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాల్లో ‘కసాయి తండ్రి’ అని. క్లాసులో పిల్లలంతా అదే మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఒక అమ్మాయి చేతి మీద బెల్టు బకిల్ అచ్చు కనిపించింది నాకు, చొక్కా చెయ్యి కిందకి లాక్కుంటోంది గానీ పూర్తిగా దాగడం లేదు. ఇంటర్వెల్లో పక్కకి పిలిచి, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అమ్మా అని మెల్లగా అడిగాను. “అయ్యో లేదు టీచర్. మా నాన్న ఆ పేపర్లో ఆయనలాంటి వాడు కాదు. కోపం వస్తే కొడతాడు, అంతే” అంది.

అబద్ధం చెప్పలేదు ఆ పిల్ల. నన్ను తప్పించుకోవాలనీ చూడలేదు. పేపర్లో ఉన్న మనిషిని, ఇంట్లో ఉన్న మనిషిని పక్కపక్కన పెట్టి చూసుకుంది. పేపర్లో ఉన్నవాడు రాక్షసుడు. ఇంట్లో ఉన్నాయన పుస్తకాలు కొనిపెడతాడు, జ్వరం వస్తే భుజాన వేసుకుని తిరుగుతాడు, నవ్విస్తాడు. కాబట్టి తన ఒంటి మీద ఉన్నదానికి ఆ పేరు వర్తించదని తేల్చుకుంది. స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే పెద్దవాళ్లు కూడా అచ్చం అదే అన్నారు. “ఆయన చదువుకున్న మనిషి మేడమ్, నాకు తెలుసు, అలాంటివాడు కాదు.” పిల్లల రక్షణ చూడాల్సిన ఆఫీసుకు ఫోన్ చేస్తే అవతలి మనిషి అడిగిన మొదటి ప్రశ్న, “ఫ్యామిలీ ఎలాంటిది?” అని. పిల్ల ఎలా ఉందని కాదు.

నేను మీకు చెప్పాలనుకున్నది ఇదొక్కటే. పిల్లల మీద హింస ఎంత మామూలుగా, ఎన్ని ఇళ్లలో జరుగుతోందో మీ హెడ్డింగులు దాచేస్తున్నాయి. కావాలని కాదు, నాకు తెలుసు. కోపంతోనే రాస్తారు, న్యాయం జరగాలనే రాస్తారు. కానీ ప్రతిసారీ దాన్ని ఒక మృగం చేసిన పనిగా, ఎక్కడో ఒకచోట జరిగిన దారుణంగా రాయడం వల్ల, మృగాల్లా కనిపించని మనుషుల ఇళ్లలో ఉన్న పిల్లలు ఎవరి కంటికీ ఆనడం లేదు.

లెక్కలు చూడండి. 2024 జూన్‌లో యూనిసెఫ్ చెప్పింది: ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల్లో ప్రతి 10 మందిలో 6 మంది, అంటే దాదాపు 40 కోట్ల మంది, ఇంట్లోనే తరచూ దెబ్బలో, అరుపులూ అవమానాలో, రెండూ కలిపో పడుతున్నారు. వాళ్లలో దాదాపు 33 కోట్ల మందికి ఒంటి మీద దెబ్బలే. అదే ఏడాది అక్టోబరులో ఇంకో లెక్క ఇచ్చింది. ఇవాళ బతికి ఉన్న ఆడపిల్లల్లో, ఆడవాళ్లలో 37 కోట్ల మందికి పైగా, అంటే ప్రతి 8 మందిలో ఒకరు, 18 ఏళ్లు నిండకముందే అత్యాచారానికో లైంగిక దాడికో గురయ్యారు. ఒంటి మీద చెయ్యి వేయకుండా మాటలతో, ఆన్‌లైన్‌లో చేసేవి కూడా కలిపితే ప్రతి 5 మందిలో ఒకరు. మగవాళ్లలో చిన్నప్పుడు అత్యాచారానికో లైంగిక దాడికో గురైనవాళ్లు దాదాపు ప్రతి 11 మందిలో ఒకరు. మగపిల్లల సంగతి మీ పేజీల్లో ఎప్పుడైనా చూశామా అని గుర్తు చేసుకుంటే నాకు రెండు మూడు వార్తలకు మించి తట్టడం లేదు.

నలభై కోట్ల మంది చిన్నపిల్లల ఇళ్లలో నలభై కోట్ల మంది కసాయిలు ఉండరు కదా. ఉన్నది మామూలు మనుషులు. అలసిపోయినవాళ్లు, తాగొచ్చినవాళ్లు, తమని కూడా అలాగే పెంచారు కాబట్టి ఇదే పెంపకం అనుకునేవాళ్లు, పిల్లల మీద తప్ప ఇంకెవరి మీదా నోరెత్తలేనివాళ్లు. కొందరు నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు. వాళ్లని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. బకిల్ అచ్చు పడ్డ చేతికి, కొట్టినవాడికి ప్రేమ ఉందా లేదా అన్నదానితో పనేముంది?

ఇంకో లెక్క ఉంది, అది నాకు నిద్ర పట్టకుండా చేసింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి లెక్కగట్టారు. చిన్నప్పుడు నీకేం జరిగిందని మనుషుల్ని నేరుగా అడిగితే, ప్రతి వెయ్యి మందిలో 226 మంది శారీరక హింస జరిగిందని, 127 మంది లైంగిక హింస జరిగిందని చెప్పారు. అదే డాక్టర్లు, టీచర్లు, పిల్లల సంక్షేమం చూసే ఉద్యోగులు గుర్తించినవి లెక్కపెడితే శారీరక హింస వెయ్యికి 3, లైంగిక హింస వెయ్యికి 4. రెండు లెక్కలూ తీసిన తీరు వేరే కావచ్చు, అయినా 226 మంది దెబ్బలు తిన్నామన్న చోట మాలాంటివాళ్లం చూసింది ముగ్గురిని. ఆ 3 అనే అంకె నాది, నా తోటి టీచర్లది. రోజుకి ఆరు గంటలు మా కళ్లెదుట కూర్చునే పిల్లలు వాళ్లు. మాకెందుకు కనపడలేదంటే, మేమూ మీ పేపర్లు చదివే పెరిగాం. హింస అంటే ఎలా ఉంటుందో మా బుర్రలో ఒక బొమ్మ ఉంది, ఆ బొమ్మకి సరిపోని పిల్ల మాకు తగలదు.

ఇది చదువు లేకపోవడం వల్ల వచ్చే గుడ్డితనం కాదు. డాక్టర్లకే చాలాకాలం కనపడలేదు. 1946లో జాన్ కాఫీ అనే ఎక్స్‌రే డాక్టరు ఆరుగురు పసిపిల్లల గురించి రాశాడు, తల లోపల రక్తస్రావం, కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల్లో మొత్తం 23 విరుగుళ్లు. ఎలా విరిగాయో ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదని గమనించాడు కూడా. అయినా కన్నవాళ్లే చేసి ఉంటారని వైద్యలోకం గట్టిగా అనుకోవడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది. 1962లో హెన్రీ కెంప్ అనే పిల్లల డాక్టరు, ఆయన సహచరులు దీని మీద వ్యాసం ప్రచురించారు. దానికోసం అమెరికా ఆసుపత్రులను అడిగితే 71 ఆసుపత్రుల నుంచి ఒక్క ఏడాదిలోనే 302 మంది పిల్లల కేసులు వచ్చాయి. వాళ్లలో 33 మంది చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఆధారాలు కళ్లెదుటే ఉన్నా, కన్నవాళ్లు ఇలా చేస్తారంటే నమ్మలేక ఆగిపోయిన డాక్టర్లు ఉన్నారని కెంప్ బృందమే రాసింది. ఎముక విరిగినట్టు కనపడుతోంది, తల్లిదండ్రులు మాత్రం రాక్షసుల్లా లేరు, అక్కడ ఆగిపోయారు. మా స్టాఫ్ రూమూ అక్కడే ఆగింది.

‘మంచి కుటుంబం’ అనే మాట గురించి కూడా ఒక సంగతి. 1990లలో అమెరికాలోని శాన్ డియేగోలో 17,000 మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. 1998లో మొదటి ఫలితాలు వచ్చాయి. ఆ అడిగినవాళ్లెవరంటే ఎక్కువమంది కాలేజీ చదువులున్నవాళ్లు, హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు, మధ్యతరగతి వాళ్లు. మనం మంచి కుటుంబం అని ఎవరిని అంటామో వాళ్లే. వాళ్లలో 28 శాతం మంది చిన్నప్పుడు శారీరక హింస, దాదాపు 21 శాతం మంది లైంగిక హింస ఎదుర్కొన్నామన్నారు. చిన్నప్పుడు ఇలాంటివి ఎన్ని ఎక్కువ పడితే పెద్దయ్యాక గుండెజబ్బులు, డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నాలు అంత ఎక్కువని ఆ అధ్యయనంలోనే తేలింది.

ఇప్పుడు అసలు మీ పేజీల్లోకి ఎప్పుడూ రానిదాని గురించి. నిర్లక్ష్యం. అమెరికాలో అధికారికంగా నిర్ధారణైన కేసుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది పిల్లల విషయంలో ఉన్నది ఇదే. కొట్టడం కాదు, ఏమీ చేయకపోవడం. ఇది వార్త కాకపోవడానికి కారణం నాకు అర్థమవుతుంది. వార్తకి ఒక ఘటన కావాలి, ఫలానా రోజు ఫలానా చోట ఫలానాది జరిగింది అని రాయాలి. నిర్లక్ష్యంలో ఏదీ జరగదు. జరగాల్సినవి జరగవు. పంటి నొప్పితో ఒక పిల్లాడు మూడు నెలలు ఒకే దవడతో నమిలాడు, ఎవరూ చూపించలేదు. బోర్డు కనపడక వెనక బెంచీలో కూర్చుని ‘మొద్దు’ అనిపించుకున్న పిల్లకి కావలసింది ఒక కళ్లజోడు. సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర చీకటి పడేదాకా నిలబడే పిల్లలు ఉంటారు, రోజూ. ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం వాళ్లే పెట్టుకుంటారు, తప్పు చేద్దామని కాదు, పెట్టేవాళ్లు లేక. నేను ఒకసారి ఒక చిన్నపిల్లాడిని పుట్టినరోజు ఎప్పుడని అడిగితే రికార్డులో చూడండి టీచర్ అన్నాడు.

పైగా ఇది దెబ్బల కన్నా తేలికైంది కాదు. రుమేనియాలో పిల్లల్ని పెద్ద పెద్ద ప్రభుత్వ శరణాలయాల్లో పెంచేవాళ్లు. తిండి పెట్టేవాళ్లు, బట్ట వేసేవాళ్లు, ఎత్తుకునే చేతులు మాత్రం ఉండేవి కావు. 2000లో మొదలుపెట్టి అక్కడి పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులకు తెలిసిందేమిటంటే, అలా పెరిగిన పిల్లల తెలివితేటలు, భాష, మెదడు ఎదుగుదల అన్నీ వెనకబడ్డాయి, రెండేళ్లు నిండేలోపు కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు చాలావరకు మెరుగ్గా కోలుకున్నారు. పలకరించేవాళ్లు లేకపోతే మెదడు సరిగ్గా ఎదగదు. దీనికి ఎక్స్‌రే లేదు, బకిల్ అచ్చు లేదు. మీ ఫొటోగ్రాఫరు తీయడానికి ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. పేదరికం, నిర్లక్ష్యం ఒకటి కాదు. రాత్రి డ్యూటీకి వెళ్తూ బిడ్డని చూసుకునే దిక్కులేక ఇంట్లో పెట్టి తాళం వేసిన తల్లిని మీరు ‘కసాయి తల్లి’ అన్నారు, నేను చదివాను. ఆ వార్తలో తండ్రి ఎక్కడున్నాడో ఒక్క వాక్యం లేదు. అదే సమయంలో గదినిండా బొమ్మలుండీ రోజంతా ఒక్క మనిషి మాట్లాడని పిల్లలు ఉన్నారు, వాళ్ల గురించి ఎవరూ రాయరు. కొనలేకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు.

మీ మాటల గురించి ఇంకొంచెం మాట్లాడనివ్వండి, భాష చెప్పే టీచర్ని కాబట్టి ఇవి నా కళ్లకి గుచ్చుకుంటాయి.

‘అభం శుభం తెలియని చిన్నారి’ అంటారు. అయిదేళ్ల పిల్ల అయితే సరే. పద్నాలుగేళ్ల పిల్ల, ఎదురు మాట్లాడే పిల్ల, ఫోన్‌లో ఎవరితోనో చాటింగ్ చేసిన పిల్ల, ఆమెకి అభం శుభం తెలుసు కదా. అప్పుడు మీ వార్త స్వరం మారిపోతుంది, ‘ప్రేమ వ్యవహారం’ అవుతుంది. అవతలి వాడికి ముప్ఫై ఏళ్లున్నా సరే. ఏమీ తెలియని పిల్లకే జాలి దక్కుతుందని చదివే ప్రతి ఆడపిల్లకీ అర్థమవుతుంది, అర్థమైన రోజు నుంచి నోరు మూసుకుంటుంది.

‘మాయమాటలు చెప్పి’, ‘చాక్లెట్ ఆశ చూపి’, ‘కామాంధుడు’. ఎవరో బయటి నుంచి వచ్చినట్టు ఉంటుంది. లైంగిక హింస చేసేవాళ్లలో అత్యధికులు పిల్లలకి ముందే తెలిసినవాళ్లు. బంధువులు, ఇంటికి వచ్చిపోయేవాళ్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు, ఇంట్లోవాళ్లు. చాక్లెట్ అక్కర్లేదు వాళ్లకి. ‘వెళ్లు, మామయ్య పిలుస్తున్నాడు కదా’ అని మనమే పంపిస్తాం.

వైకల్యం ఉన్న పిల్లల గురించి అయితే అసలు మాటే ఉండదు. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం మిగతా పిల్లల కన్నా వాళ్ల మీద హింస జరిగే అవకాశం 3.7 రెట్లు ఎక్కువ. చెప్పుకోలేని పిల్ల అని తెలిసే చేస్తారు.

‘సభ్యసమాజం సిగ్గుతో తలదించుకునే ఘటన’ అని రాస్తారు. తల దించుకుంటే ఎవరికీ ఏమీ కనపడదండీ. పైగా చదివేవాడు ఆ సభ్యసమాజంలో తనని కలిపేసుకుంటాడు, హాయిగా. రాత్రి కొడుకుని గోడకేసి కొట్టినవాడు కూడా పొద్దున ఆ వార్త చదివి ఛీ ఛీ అనుకుంటాడు. ఆ వార్త తన గురించి కాదుగా.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే మాట చిన్నది, మెత్తటిది. ‘తండ్రి మందలించాడని’. ఒక పిల్లాడు ఇల్లు వదిలి పారిపోయాడు, తండ్రి మందలించాడని. ఒక పిల్ల ప్రాణం తీసుకుంది, తల్లి మందలించిందని. మందలించడం అంటే ఏమిటో మీకు తెలుసా ఆ ఇంట్లో? ఒకసారి అన్న మాటా, ఆరేళ్లుగా రోజూ అంటున్న మాటా? చావరాదూ అనా? చుట్టాల ముందు చెంప పగలగొట్టడమా? కొన్ని ఇళ్లలో నిజంగా ఒక మామూలు మాటే అయి ఉండొచ్చు, ఆ తల్లిదండ్రుల దుఃఖం మీద రాయి వేయమని నేను అనను. పిల్లలు ఇలా చేయడానికి ఒక్క కారణం ఉండదని కూడా తెలుసు. కానీ ఆ ఒక్క పదం పెట్టేసరికి చదివేవాళ్లంతా ‘ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదు’ అనేసి పేజీ తిప్పేస్తారు. ఇందాక చెప్పిన లైడెన్ లెక్కల్లోనే మానసిక హింస పడ్డామన్నవాళ్లు వెయ్యికి 363 మంది. అన్ని రకాల్లోకీ అదే ఎక్కువ. దానికి మన పత్రికా భాషలో ఉన్న పేరు ‘మందలింపు’.

ఇంకొకటి. చిన్నప్పుడు హింస పడ్డవాళ్లు పెద్దయ్యాక అదే చేస్తారని టీవీ చర్చల్లో తేలిగ్గా అనేస్తుంటారు. దయచేసి అనకండి. రిస్కు కొంత పెరుగుతుంది, నిజమే. కానీ ఎక్కువమంది అలా అవ్వరు. అలాంటి బాల్యం దాటి వచ్చి తమ పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నవాళ్లు ఆ టీవీ ముందే కూర్చుని ఉంటారు, మీ మాట విని తమ చేతుల్ని తామే అనుమానంగా చూసుకుంటారు.

మీ చేతిలో ఏముంది అంటారేమో. చాలా ఉంది. స్వీడన్ 1979లో తల్లిదండ్రులు కూడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేసింది, ప్రపంచంలో అదే మొదటిది. చట్టం చేసి ఊరుకోలేదు. పిల్లలున్న ప్రతి ఇంటికీ చిన్న పుస్తకం పంపారు, పాల డబ్బాల మీద కూడా ఆ సంగతి ముద్రించారు. తల్లీ తండ్రీ పిల్లలూ ఒకచోట కూర్చునే వేళకి ఆ మాట బల్ల మీదకి రావాలని. రెండేళ్లలో 90 శాతానికి పైగా కుటుంబాలకి ఆ చట్టం సంగతి తెలిసిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో పిల్లల్ని కొట్టడం అక్కడ బాగా తగ్గింది. పాల డబ్బా చేసిన పని మీ పేపరు చేయలేదా?

కసాయి, మృగం, కీచకుడు అనే మాటలు పక్కన పెట్టి ఆ మనిషి ఎవరో, పిల్లకి ఏమవుతాడో రాయండి. పేరు దాచి ఊరు, బడి, తండ్రి ఉద్యోగం, ఇంటి ఫొటో వేస్తే పేరు దాచినట్టు కాదు, ఆ పిల్ల మళ్లీ అదే బడికి రావాలి, వచ్చాక ఎలా ఉంటుందో నేను చూశాను. ప్రతి వార్త కింద పిల్లలు ఫోన్ చేసి చెప్పుకునే హెల్ప్‌లైన్ నంబరు పెట్టండి, రెండు లైన్ల చోటు. అరెస్టుతో వార్త ఆపేయకండి, ఏడాది తర్వాత ఆ పిల్ల చదువుకుంటోందా అని ఒకసారి కనుక్కోండి. ఘటన లేకపోయినా నిర్లక్ష్యం గురించి ఒక ఆదివారం రాయండి. ఆ పంటి నొప్పి పిల్లాడి గురించి రాయమంటే నేను రాసిస్తాను, పేరు లేకుండా.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదా. నేను మూడుసార్లు ఫోన్ చేశాక ఒక ఉద్యోగిని వచ్చింది, ఇంటికి వెళ్లింది, తండ్రితో మాట్లాడింది. ఆ తర్వాత నెలకే టీసీ తీసుకుని వేరే బడికి పంపించేశారు ఆ పిల్లని. ఎక్కడికో నాకు చెప్పలేదు. వెళ్లేముందు రోజు నా దగ్గరికి వచ్చి, “మా నాన్న ఫొటో పేపర్లో వేస్తారా టీచర్?” అని అడిగింది. వేయరమ్మా అన్నాను. ఊపిరి పీల్చుకుంది. కొట్టడం ఆగిందా అని నేను అడిగేలోపే బెల్లు కొట్టారు.

రేపో ఎల్లుండో మీ టేబుల్ మీదకి ‘తండ్రి మందలించాడని’ అంటూ ఒక కాపీ వస్తుంది. ఓకే కొట్టే ముందు విలేకరికి ఫోన్ చేసి, ఏమని మందలించాడో, ఎన్నాళ్ల నుంచో అడగండి.

ఇట్లు
ఒక తెలుగు టీచర్